తాతల మరుగుదొడ్లలో తపస్సు

ప్రపంచంలో అన్నిటికంటే పవిత్రమైన పని ఏమిటంటారా? వందేళ్ల కిందటి మరుగుదొడ్డి గోతిలోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, చేత్తో మట్టి గోకడం! నవ్వకండి. మా ఊరి మగాళ్లు చర్చిలో కూడా అంతసేపు మోకాళ్ల మీద ఉండరు.

ఒహాయో నది ఒడ్డున మాది చిన్న ఊరు. తాతల కాలంలో ప్రతి పెరట్లోనూ వెనక సందు వైపు మూలన ఓ చెక్క దొడ్డి ఉండేది. చెత్తబండి లేని రోజులాయె! పగిలిన పింగాణీ, అరిగిన బూటు, ఖాళీ మందుసీసా అన్నీ ఆ గోతిలోకే. పెళ్లానికి తెలియకుండా తాగిన విస్కీ సీసా అయితే మరీ తిన్నగా అందులోకే. ఎంత అనుమానప్పిశాచి అయినా అక్కడ చెయ్యి పెట్టి వెతుకుతుందా?

ఆవిడ వెతకలేదు. ఇప్పుడు డెల్బర్ట్ క్రౌచ్ వెతుకుతున్నాడు.

డెల్బర్ట్ ఇన్సూరెన్స్ ఏజెంటుగా రిటైరై, ప్రస్తుతం పాత సీసాలు తవ్వితీసి దాచుకునే మా ఊరి సీసాల క్లబ్బుకి ప్రెసిడెంటు. ఇంట్లో సింకులో రెండు ప్లేట్లుంటే తోమడు. చేతులకి జిడ్డంటుకుంటుందట! అదే మనిషి ఎవరి ముత్తాతో నింపిన గోతిలోకి నిచ్చెన వేసుకుని దిగుతాడు. నీలం సీసా ఒకటి దొరికితే ఒళ్లో పెట్టుకుని టూత్‌బ్రష్‌తో తోముతాడు, పసిబిడ్డకి నీళ్లు పోసినట్టు. మనిషిని ఇంతలా మార్చే విద్య ఇంకోటి చూపించండి!

లాభాలా? చెప్పాలంటే ఈ పేపరు చాలదు. జిమ్ముకి వెళ్లక్కర్లేదు. శనివారమంతా మొగుడు గోతిలో ఉంటాడు కాబట్టి సంసారాలు చల్లగా ఉంటాయి. పైగా జ్ఞానం! మద్యం మహాపాపం అని ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చిన ఓ పాస్టరుగారి గోతిలో గంపెడు జిన్ సీసాలు దొరికాయి. పక్కనే గొంతునొప్పి మందుసీసా ఒకటి. పాపం, ఉపన్యాసాలకి గొంతు పోయి ఉంటుంది!

గోతి జాడ పట్టడమూ గొప్ప కళే. పొడుగాటి ఇనపచువ్వ నేలలోకి దించుతారు. మెత్తగా దిగి, అడుగున కర్రుమని గాజు తగిలిందా, పండగే. చువ్వ పైకి లాగి, దాని కొసని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వాసన చూస్తారు. మామూలుగా ఏ వాసనా రాదు. ఇన్నేళ్లకి అంతా మంచి మట్టైపోతుంది. అయినా చూస్తారు. అది వాళ్ల ఆచారం, మనం కాదనకూడదు.

ఈ విద్య మా వీధికి చేసిన మేలు వినండి.

మా పక్కింటి హెస్టర్ బీమిష్ గారికి డెబ్బై దాటాయి. వెనక సందు కింద మురుగు పైపు ఎక్కడో పగిలింది. నాలుగేళ్లుగా వాన పడితే చాలు, ఊరి మురుగంతా ఆవిడ ఇంటి సెల్లార్లోకి ఎగదన్నుతోంది. వాషింగ్ మెషీను అక్కడే, చలికాలానికి పెట్టుకున్న పీచ్ పండ్ల జాడీలూ అక్కడే. ఆవిడ రబ్బరు బూట్లేసుకుని బకెట్లతో ఎత్తిపోస్తారు. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఇంకొక్క ఏడాది ఇలాగే ఉంటే ఇల్లమ్మేసి చెల్లెలి పంచన చేరాల్సిందే. ఆ చెల్లెలితో ఆవిడకి ఒక్క పూట కూడా పడదు.

టౌన్ కౌన్సిల్ పెద్ద వెండెల్ స్ప్రాగ్ దగ్గరికి ఆవిడ తిరగని నెల లేదు. ఓసారి నేనూ తోడు వెళ్లాను.

"ఎక్కడ పగిలిందో తవ్వి చూడాలి కదమ్మా. తవ్వే మనుషులేరీ?" అన్నాడు వెండెల్.

"మనుషులు లేకపోవడమేమిటయ్యా? ఊరంతా తవ్వుతూనే ఉందిగా!"

"వాళ్లు తవ్వేది చరిత్రమ్మా. మీది మురుగు."

ఆ మాట నాకు జ్ఞానోదయం కలిగించింది. తిన్నగా డెల్బర్ట్ దగ్గరికి పోయి, కాఫీ తాగుతూ, యథాలాపంగా అన్నాను: "హెస్టర్ గారి వెనక సందులో అప్పట్లో సారాకొట్టు ఉండేదట. దాని దొడ్డి కూడా అక్కడేనని మా నాన్న చెప్పేవాడు."

మా నాన్న చాలా చెప్పేవాడు. ఇదొక్కటే చెప్పలేదు.

డెల్బర్ట్ వెళ్లి అడగ్గానే, సందు తవ్వడానికి వెండెల్ అక్కడికక్కడే పర్మిషన్ ఇచ్చేశాడు. చరిత్ర కదా! శనివారం పొద్దున్నే క్లబ్బంతా దిగింది. డెల్బర్ట్ చువ్వ దించాడు, లాగాడు, వాసన చూశాడు. కళ్లంట నీళ్లు తిరిగాయి. నన్ను కేకేశాడు.

"ఓటిస్! నా జన్మలో ఇలాంటిది చూళ్లేదోయ్! ఏం తాజాదనం! నిన్న వాడినట్టుంది!"

"నిన్న కాదు, ఇవాళ పొద్దున," అన్నారు హెస్టర్ గారు వరండాలోంచి.

"మీకన్నీ హాస్యాలేనమ్మా! ఇదంతా బంకమట్టి మహిమ. గాలి చొరనివ్వకుండా కాపాడింది."

మధ్యాహ్నానికి ఛాతీలోతు తవ్వారు. ఊట ఎగజిమ్ముతుంటే బకెట్లతో తోడారు. 'సారాకొట్టు బాగా నడిచిందన్నమాట' అని మెచ్చుకున్నారు కూడా! చివరికి పార టంగుమంది. నిలువునా పగిలిన మట్టి పైపు.

"దొరికింది!" అని హెస్టర్ గారు చేతులు జోడించారు.

"దొరికింది!" అని డెల్బర్ట్ గోతిలో గంతేశాడు. టూత్‌బ్రష్ తీసి పైపు తోమాడు. దాని మీద ఎప్పుడో మూతబడ్డ పైపుల బట్టీ ముద్ర ఉంది, మలిచినవాడి బొటనవేలి గుర్తుతో సహా.

నాలుగేళ్లు రాని వెండెల్ అరగంటలో వచ్చాడు. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. "మన పెద్దల చేతిపని!" అన్నాడు. పైపుని మోకులేసి పైకి లాగి, దుప్పటి చుట్టి, అంబులెన్సు ఎక్కించినంత జాగ్రత్తగా ట్రక్కు ఎక్కించారు. గోతి మీద ప్లైవుడ్ షీటు పరిచారు.

"మరి కొత్త పైపో?" అన్నారు హెస్టర్ గారు.

"దానికి తవ్వాలి కదమ్మా."

"తవ్వేశారుగా!"

"అదిప్పుడు చారిత్రక స్థలమమ్మా. అక్కడ పార పెట్టకూడదు."

ఇప్పుడా పైపు క్లబ్బువాళ్లు నడిపే సీసాల మ్యూజియంలో గాజుపెట్టెలో ఉంది. పైన దీపం, చుట్టూ ఎర్రతాడు. ముట్టుకోరాదట! ఇంతకుముందు దానికి పగులే ఉండేది, ఇప్పుడసలు పైపే లేదు. ఆ సందు మీద బతికే మా ఏడిళ్లలో ఎవరు ఫ్లష్ మీట నొక్కినా హెస్టర్ గారి సెల్లార్లోనే తేలుతుంది. అందుకని ఎవరమూ నొక్కడం లేదు.

అయితే ఆ మ్యూజియంలో ఓ బాత్రూము ఉంది. తెల్లటి టైల్సు, వేడినీళ్లు, మెత్తటి టిష్యూ!

పైపు అక్కడికి చేరిన మర్నాడు తలుపు తీసే వేళకి హెస్టర్ గారు భుజాన తువ్వాలు, చంకలో పేపరుతో మెట్ల దగ్గర నిలబడ్డారు. వెనకాల నేను. నా వెనకాల వీధి వీధంతా. లోపలికెళ్లగానే మర్యాదగా పైపుకి తల వంచి నమస్కారం పెట్టి, వరసలో నిలబడతాం. రోజూ ఇదే భాగోతం.

మొన్న కౌన్సిల్ మీటింగులో వెండెల్ ఛాతీ విరిచాడు. మ్యూజియానికి జనం విరగబడి వస్తున్నారట, మా వీధివాళ్లకి చరిత్ర మీద ఉన్న భక్తి ఊరంతటికీ ఆదర్శమట. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఒక్క మనవి, వెండెల్ గారూ. పది గంటలకి కాకుండా, ఆరింటికే తలుపులు తీయించండి. చరిత్ర ఎంతసేపైనా ఆగుతుంది. హెస్టర్ గారు ఆగలేరు.