ఉతకని గోతాలు

మూడు గంటల కాఫీ మూడుంబావుకు వచ్చిన రోజునే యలమందయ్య గారు యుద్ధానికి నిశ్చయించుకున్నారు. ముప్పై నాలుగేళ్లు బడిగంట ప్రకారం బతికి రిటైరైన హెడ్మాస్టరు ఆయన. వినుకొండలో బెల్లు మాస్టారంటేనే గుర్తుపడతారు.

నేరమంతా వరండాలో జరుగుతోంది. కాలేజీ పిల్లలు సంఘంగా ఏర్పడి, ఒకప్పుడు మిర్చి నింపిన పాత ఖాళీ గోతాలతో చేతిసంచులు కుట్టించి, వాటిమీద పువ్వులు అల్లించి అమ్ముతున్నారు. ఆ డబ్బు, బడి మాని మిరపకోతలకు పోతున్న నలుగురు ఆడపిల్లల హాస్టలు ఫీజుకు. కుట్టేది ఆయన భార్య పున్నమ్మ గారు. మాస్టారి పడక్కుర్చీ ఉండే చోట ఇప్పుడు గోతాల గుట్ట ఉంది.

"ఆశయం ఉత్తమమైనదే. అయితే అది నా వరండాలోనే నెరవేరాలా?"

"మీ కాఫీ నా వంటింట్లోనే నెరవేరుతోంది కదండీ. ఊరికే కూర్చోకపోతే ఆ గోతాలు మూడు నీళ్లు ఉతికి ఆరేయండి. ఘాటు పోవాలి."

మాస్టారికి అక్కడే ఉపాయం తట్టింది. ఉతక్కుండా పైపైన దులిపి ఎండలో వేశారు. కొన్నవాళ్లు తుమ్ముతారు, పిల్లలు కుట్టుపనిని మరో ఇంటికి మారుస్తారు, కాఫీ మూడింటికి వస్తుంది. పథకానికి తనే నూటికి తొంభై మార్కులు వేసుకున్నారు.

ఆదివారం బజారులో పిల్లల దుకాణం దగ్గరకు వెళ్లేసరికి తుమ్ములు టపాకాయల్లా పేలుతున్నాయి. ఒక పెద్దాయన తుమ్మిన తుమ్ముకు కట్టుడుపళ్లు సంచిలో పడ్డాయి. పళ్లతో సహా సంచిని కొనక తప్పింది కాదు. అమ్ముడైంది అదొక్కటే.

సంఘం నడిపే స్తుతి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అది ఘాటో ఏడుపో మాస్టారికి తెలియలేదు.

"రేపే ఫీజుకు ఆఖరు సార్. ఇవాళ ఇవి పోకపోతే నలుగురూ మళ్లీ కోతలకే."

ఆ నలుగురూ మాస్టారి లెక్కలోకి రానే లేదు. తొంభై మార్కులూ అక్కడికక్కడే సున్నా అయ్యాయి. సంచులన్నీ తానే కొందామని పర్సు కోసం ఇంటికి పరుగెత్తారు.

తిరిగి వచ్చేసరికి దుకాణం కనబడలేదు. జనం కనబడ్డారు.

"కాస్త దారివ్వమ్మా, నేను కొనాలి."

"లైన్లో రండి మాస్టారూ. బెల్లు కొట్టి మమ్మల్ని నిలబెట్టింది మీరే కదా."

ఆయన వంతు వచ్చేసరికి ఒక్క సంచీ మిగల్లేదు. ఏం జరిగిందో అర్థం కాక తలెత్తి చూస్తే, దుకాణం ముందు కొత్తగా వేలాడదీసిన అట్టమీద పున్నమ్మ గారి దస్తూరీ: "మిర్చి గోతం సంచి. బియ్యం పోసుకుంటే పురుగు పట్టదు. తుమ్ము వస్తేనే అసలు సరుకు."

ఇంటికొచ్చాక మాస్టారు గొంతు సవరించుకున్నారు. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే. ఉతికిన గోతం ఆరేస్తే కింద నేల తడవదా? ముక్కుకు గుడ్డ కట్టుకుని కుట్టింది నేనేగా."

"అయితే ఎందుకు చెప్పలేదు?"

"రిటైరయ్యాక మీరు అంత శ్రద్ధగా చేసిన పని అదొక్కటే. చెడగొట్టడం ఎందుకులే అని."

మర్నాడు స్తుతి ట్రాలీ ఆటోలో వచ్చింది. "రెండొందల గోతాలు సార్. నలుగురికీ ఫీజు కట్టేశాం. ఇంకో ఆరుగురు పిల్లలున్నారు. మీ పద్ధతిలోనే దులపాలి, ఉతక్కూడదు. మీ చెయ్యే కావాలన్నారు పున్నమ్మ గారు."

మాస్టారు పెరట్లో పీట వేసుకుని ఒక్కో గోతానికీ మూడేసి తుమ్ముల చొప్పున దులుపుతుండగా లోపల గడియారం మూడు కొట్టింది.

"ఏమండీ, మూడైంది."

ఆయన ముఖం వికసించింది.

"కాఫీపొడి పై అరలో ఉంది. నాకు పంచదార తక్కువ."