నిపుణుడికి పడిన సూది

ఆ ఉదయం ప్లీడరు లక్ష్మీనరసింహంగారు వేసుకున్న పథకం చాలా తేలికైనది. రిటైరైన సర్జన్ వేంకటరమణమూర్తిగారు విశాఖపట్నం నుంచి మొదటి బస్సుకు చోడవరంలో దిగుతారు. తన కక్షిదారు పరదేశి చెయ్యి చూసి, అభిప్రాయం రాసి సంతకం పెడతారు. సాయంత్రం కోర్టు లేచేలోగా దాన్ని దాఖలు చేయాలి. ఇప్పటికే రెండు వాయిదాలు దాటాయి. ఈసారీ తప్పితే నిపుణుడి మాట వినేది లేదని మున్సిఫ్‌గారు చెప్పేశారు. ఆ మాట లేకపోతే పరదేశి కేసూ లేదు.

పరదేశి వడ్డాది గ్రామంలో చెరకు రైతు. విరిగిన అతని కుడిచేతిని డాక్టరు అనంతపద్మనాభం వంకరగా కట్టారు. ఇప్పుడా చేత్తో కత్తి పట్టడం మాట అటుంచి, అన్నం ముద్దే నోటికి సరిగ్గా అందదు.

బస్సు వేళకే వచ్చింది. మూర్తిగారు మాత్రం ప్లీడరింటికి రాలేదు. పరదేశి భార్య నూకరత్నం మాడుగుల హల్వా పొట్లంతో బస్టాండులోనే కాసుకుని ఉంది. తమ పని మీద వచ్చిన పెద్దమనిషి నోరు తీపి చేసుకోకుండా కదలకూడదని ఆవిడ పట్టు. మూర్తిగారు మొహమాటస్థుడు. వద్దనలేక పొట్లమంతా తిని, ఆపైన చెరకురసం తాగి, కాసేపటికి పొట్ట పట్టుకుని బెంచీ మీద వాలిపోయారు. మొగుడూ పెళ్లాలు కంగారుపడి ఆయన్ని రిక్షాలో వేసుకుని, ఎప్పుడూ వెళ్లే చోటికే తీసుకెళ్లారు.

ఊరంతా గాలించిన ప్లీడరుగారికి మధ్యాహ్నం తన నిపుణుడు కనిపించింది అనంతపద్మనాభంగారి ఆస్పత్రి మంచం మీద. తలా తోకా తెలియక పరదేశిని పట్టుకున్నారు.

"ఒరే, మనం కేసు వేసింది ఈయన మీదే కదరా?"

"కేసు కేసే బాబూ, కడుపునొప్పి కడుపునొప్పే," అన్నాడు పరదేశి. "ఊళ్లో మనకి తెలిసిన డాట్రు ఈయనే గదా. రోగి ఎవులని అడిగితే మా సుట్టమని సెప్పేను. కేసు మాటెత్తితే బాగోదని."

డాక్టరుగారు ఆ చుట్టానికి పేగుల్లో ప్రమాదకరమైన వాపని తేల్చి, నడుము కింద పెద్ద సూది వేసి నిద్రపుచ్చారు. రేపటిదాకా లేపకూడదట. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. దిక్కుతోచని ప్లీడరుగారు పేగుల వాపుతో రోగి లేవలేడని ఒక సర్టిఫికెట్టయినా ఇప్పించమని కాంపౌండరును బతిమాలారు. హడావుడిలో ఉన్న డాక్టరుగారు పేరైనా చూడకుండా సంతకం గీకేశారు.

కోర్టులో ఎదుటి ప్లీడరు మండిపడ్డాడు. ఇదంతా నాటకమని, ఆ పెద్దమనిషి హల్వా తిని పడుకున్నాడని బస్టాండంతా చెప్పుకుంటోందని వాదించాడు. మున్సిఫ్‌గారు సర్టిఫికెట్టు అటూ ఇటూ తిప్పి చూశారు.

"అయితే ఆయనకు జబ్బు లేదంటారు?"

"లేదండి. వట్టి అజీర్తి."

"పేగుల వాపని సంతకం పెట్టింది మీ డాక్టరుగారే. ఆయనకు జబ్బు పోల్చుకోవడం రాదని రాసుకోమంటారా, వీళ్లకు గడువు ఇమ్మంటారా?"

ఎదుటి ప్లీడరు కూర్చున్నాడు. పరదేశికి వారం గడువు దొరికింది. ఎందుకు దొరికిందో అతనికి ఇప్పటికీ అర్థం కాలేదు.

మర్నాడు మూర్తిగారు లేచారు. కడుపు తేలికగానే ఉంది. సూది పడిన చోటు మాత్రం గుమ్మడికాయలా వాచింది. ఆ సూది ఎవరిదో అడిగి తెలుసుకున్నారు. అభిప్రాయం ఎప్పుడిస్తారని ప్లీడరుగారు భయపడుతూ అడిగితే, అనుకున్నదానికంటే కాస్త ఎక్కువే రాయాల్సి ఉందన్నారు.

గడువు తీరకముందే రాసిచ్చారు. మొత్తం నిలబడే రాశారు.