ముందు చిరునామా, తర్వాత తాళం

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మా తాళాల దుకాణంలో తాళాలు తీయడం, తాళంచెవులు చేయడం అనే పాతకాలపు పనులు ఇకమీదట తీరిక దొరికినప్పుడు మాత్రమే జరుగుతాయి. దుకాణం అసలు పని ఈమెయిల్ చిరునామాలు సేకరించడం. ఈ ప్రకటన రాసి గోడకు అంటించింది నేనే. పదకొండేళ్లుగా ఇక్కడ బిల్లులు రాస్తున్నాను. గుండ్రటి చేతిరాత ఉన్నవాడు రాస్తే ఎంత వెర్రి మాటయినా నిబంధనలాగే కనిపిస్తుంది.

దుకాణం మేస్త్రిది. తాళానికి చెవి ఆనించి, సన్నటి ఊచ లోపలికి పెట్టి, పక్కింటి కబుర్లు వింటున్నవాడిలా మొహం పెట్టి, రెండు నిమిషాల్లో తీసేస్తాడు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన తెరవలేకపోయింది ఒక్కటే, అల్లుడి ముందు తన నోరు. ఒక్కగానొక్క కూతురి మొగుడు. అల్లుడుగారు పగటిని అర్ధరాత్రి అంటే, మామగారు దీపం కోసం వెతికే రకం.

అల్లుడుగారు ఫోనులోనే వ్యాపారం పెంచే కళలో మూడు రోజుల శిక్షణ పొంది, బంగారు అంచున్న సర్టిఫికెట్ ఒకటి సంపాదించారు. పెద్ద తాళాలు వేలాడే కొక్కెం ఖాళీ చేయించి, దానికి తగిలించారు. ఆ సందర్భంగా నిలబడి ఉపన్యసించారు కూడా.

"మామయ్యగారూ, తాళం తీయించుకున్నవాడు తన దారిన తాను పోతాడు. చిరునామా ఇచ్చినవాడు ఎక్కడికి పోతాడండీ? వ్యాపారం తాళంలో లేదు, జాబితాలో ఉంది!"

మేస్త్రి చేతిలో ఉన్న తాళాన్ని ఒకసారి చూసుకుని పక్కన పెట్టేశాడు.

మొదటి మెట్టుగా దుకాణం ముందు బోర్డు పెట్టాం. "మా చందాదారులుగా చేరండి" అని పెద్ద అక్షరాలతో నేనే రాశాను. ఆ రోజు నుంచి మా వైపు కాలిబాట ఖాళీ అయిపోయింది. చందా అన్న మాట కనపడగానే జనం రోడ్డు దాటి అవతలి పక్కనుంచి నడవసాగారు. రిటైరయిన లెక్కల మాస్టారు ఒక్కరే ధైర్యం చేసి లోపలికొచ్చి, "పాపం, ఎవరు పోయారు?" అని గొంతు తగ్గించి అడిగారు. ఎవరూ పోలేదన్నా వినకుండా చిల్లర బల్ల మీద పెట్టి, "నా పేరు మాత్రం ఎక్కడా రాయకు నాయనా, గుప్తంగా ఉండనీ" అని వెళ్లిపోయారు. ఆయనే మా మొదటి చందాదారు. ఆయన చిరునామా మా దగ్గర లేదు.

చందా మాట తీసేసి, ఉచితం అన్న మాట పెట్టాం. చిరునామా ఇచ్చినవారికి "ఇంట్లో దొంగలు పడకుండా ఇరవై ఒక్క మార్గాలు" అనే పుస్తకం ఉచితం. రచయితను నేనే. నాకు తెలిసినవి తొమ్మిది. ఎనిమిదో మార్గం తలుపు వేసుకోవడం, పధ్నాలుగో మార్గం ఎనిమిదో మార్గం పాటించామో లేదో చూసుకోవడం. మిగతావీ ఈ కోవలోనివే. తొమ్మిది రోజుల్లో పందొమ్మిది వందల చిరునామాలు వచ్చిపడ్డాయి. పుణ్యానికి పుట్టెడు ఇస్తే పిచ్చకుంచమని కొట్లాడినట్టు, ఇరవై ఒకటేనా, యాభయ్యన్నా ఉండొద్దా అని తగువుకు వచ్చినవాళ్లూ ఉన్నారు.

అల్లుడుగారు శుభలేఖ రాసినంత శ్రద్ధగా మొదటి ఉత్తరం రాసి అందరికీ పంపారు. పధ్నాలుగు వందలు వెళ్లినంత వేగంగా తిరిగొచ్చాయి. విచారించగా జాబితాలో "నీకెందుకు", "రేపురా", "లేనుపో" వంటి చిరునామాలు సమృద్ధిగా ఉన్నట్టు తేలింది. వీధి చివరి ఆఫీసులో అరవై రెండు మంది తమ మేనేజరు చిరునామా ఇచ్చారు. ఆయనకు ఒకే పూట అరవై రెండు పుస్తకాలు అందాయి. తన గదిలో దొంగతనం జరగబోతోందని సిబ్బంది మొత్తం హెచ్చరిస్తున్నారనుకుని ఆయన సెలవు పెట్టేశారు.

అప్పుడు అల్లుడుగారు రెండో ఉపన్యాసం ఇచ్చారు. "సంఖ్య కాదండీ, నాణ్యత ముఖ్యం. నాణ్యత అన్న మాటలోనే నాణెం ఉంది! నాణెం ఇచ్చేవాడే నాణ్యమైన మనిషి!" ఇంతటి భాషాజ్ఞానం విన్నాక నేను కొత్త బోర్డు రాయడానికి కుంచె తీశాను. నామమాత్రపు రుసుముతో బంగారు సభ్యత్వం మొదలైంది. చేరినవారికి తాళాలను గురించి రోజుకొక ఉత్తరం. ఏడుగురు చేరారు. వారిలో ముగ్గురు అల్లుడుగారి సహపాఠులు, మా పద్ధతి కాపీ కొట్టడానికి వచ్చినవారు. ఇద్దరు పొరపాటున నొక్కి, ఎలా బయటపడాలో చెప్పమని రోజూ బతిమాలుతున్నారు. ఒకరు మేస్త్రి. ఏడో ఆయనకు మాత్రం తాళాల మీద నిజమైన ప్రేమ. ప్రతి ఉత్తరం రెండేసి సార్లు చదివేవాడు, ఏ వీధిలో పాత రకం తాళాలు ఎక్కువో మర్యాదగా అడిగేవాడు. ఆయనను ఆ నెలకు ఉత్తమ సభ్యుడిగా ప్రకటించాం.

ఇక జాబితాలోకి దొంగ చిరునామా రాకుండా కట్టుదిట్టమైన నియమం వచ్చింది. ముందు చిరునామా, తర్వాత తాళం. ఎవరికి ఏ పని కావాలన్నా మొదట ఈమెయిల్ ఇవ్వాలి. దానికి మేం ఉత్తరం పంపుతాం. అందులోని నీలం బటన్ వాళ్లు నొక్కాలి. మా కంప్యూటరు తెరమీద పచ్చగుర్తు పడ్డాకే మేస్త్రి సంచీ ముట్టుకోవాలి. దీన్నీ గుండ్రంగా రాసి అంటించాను.

ఒకరోజు పదకొండింటికి, ఎదురు మేడ మూడో అంతస్తులో బట్టలు కుట్టే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. కాళ్లకు చెప్పుల్లేవు. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. ఆ మేడలోనే మొదటి అంతస్తులో నేనూ ఉంటాను కాబట్టి రోజూ మెట్ల మీద చూసే మనిషే.

"బాబాయ్, చెత్త పడేద్దామని బయటికొచ్చాను, గాలికి తలుపు మూసుకుని తాళం పడిపోయింది. పాప లోపలుంది. పొయ్యి మీద పాలున్నాయి. తొందరగా రా బాబాయ్!"

మేస్త్రి సంచీ మీద చెయ్యి వేశాడు. అల్లుడుగారు ఆమెకు కుర్చీ చూపించారు. "కూర్చోండమ్మా. మా కుటుంబంలోకి స్వాగతం. మీ ఈమెయిల్ చెప్పండి, ఒక్క నిమిషం పని."

ఎవరో ఫోనులో పెట్టిచ్చిన చిరునామాను ఆమె అక్షరం అక్షరం చెప్పింది. నేను టైపు కొట్టాను. ఉత్తరం వెళ్లింది. "మీ ఫోను తీసి నీలం బటన్ నొక్కండమ్మా" అన్నారు అల్లుడుగారు.

"ఫోను పాప చేతిలో ఉందండీ. ఏడవకుండా బొమ్మలు పెట్టిచ్చాను."

"అయితే పాపనడిగి..." అని అల్లుడుగారు ఆగిపోయారు. నియమాల కాగితం ముందు నుంచి, వెనక నుంచి చదివారు. ఫోను లోపలుండి మనిషి బయటుండే పరిస్థితిని ఆ మూడు రోజుల శిక్షణలో ఎవరూ ఊహించలేదు. తాళం పడినవాళ్లందరికీ ఇంచుమించు అదే పరిస్థితి అన్న విషయం అప్పుడు మాకెవరికీ తట్టలేదు. "ఒక్కరికి మినహాయింపు ఇస్తే జాబితా నాణ్యత పోతుంది మామయ్యగారూ. మీవారి ఈమెయిల్ ఏమైనా ఉందాండీ?"

"ఆయన పనిలో ఉన్నంతసేపు ఫోను ముట్టుకోనివ్వరండీ. అన్నా, మీరన్నా చెప్పండన్నా!"

ఆ అన్న నేనే. తెర నా ముందే ఉంది. పచ్చగుర్తు నేనే పెట్టొచ్చు, ఎలా పెట్టాలో నాకు తెలుసు. మేస్త్రి సంచీ భుజాన వేసుకుని గడప దగ్గర నిలబడ్డాడు. ఒకసారి అల్లుణ్ని, ఒకసారి మేడను చూస్తున్నాడు. గోడ నిండా నాలుగు వేల తాళంచెవులు వేలాడే దుకాణంలో వినే చెవి ఒక్కటీ లేకపోయింది.

మూడో అంతస్తు కిటికీలోంచి పొగ సన్నగా మొదలైంది. కింద జనం చేరారు. అందరూ మా పుస్తకం తీసుకున్నవాళ్లే. ఫోనులెత్తి పొగను తీశారు. "తాళం మాత్రం గట్టిదండీ" అని ఒకాయన మెచ్చుకున్నాడు. ఆ అమ్మాయి మెట్లెక్కి తలుపు బాదింది, దిగి వచ్చి మా బల్ల బాదింది. పదకొండు నిమిషాలు గడిచాయి. గడియారం నా ఎదురుగానే ఉంది కాబట్టి లెక్క తప్పే అవకాశం లేదు.

పన్నెండో నిమిషంలో తెరమీద పచ్చగుర్తు పడింది.

పాప నొక్కింది. ఏడాదిన్నర పాప. ఫోను మోగింది, నీలంగా ఏదో కనిపించింది, నొక్కింది. వెంటనే రోజువారీ ఉత్తరాలకు ఒప్పుకుంది. బంగారు సభ్యత్వానికి దరఖాస్తు పెట్టింది. అన్ని షరతులకూ సమ్మతించింది. నేను తల ఎత్తేసరికి మేస్త్రి రోడ్డు దాటేశాడు. ఆ రోజు ఆయనకు రెండు నిమిషాలు పట్టలేదు, అర నిమిషం చాలింది. గిన్నె మాడి బొగ్గయింది. పొగలో, బల్ల కింద, దగ్గుతూ ఏడుస్తూ పాప దొరికింది. ఇంకా నొక్కుతూనే ఉందట.

పాపను చంకనెత్తుకుని ఆ అమ్మాయి మళ్లీ మా దుకాణానికే వచ్చింది. అరవలేదు. "ఈ తాళం మీ దగ్గరే కొన్నామన్నా. బిల్లు రాసింది మీరే" అని నాతో అని వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. పాప నొక్కకపోయి ఉంటే అన్న ఆలోచన అన్నం ముందు కూర్చున్నా వదల్లేదు.

ఆ సాయంత్రమే అల్లుడుగారు మూడో ఉపన్యాసం ఇచ్చారు. "ఆదర్శ సభ్యురాలు అంటే ఆ పాపే! ఏదీ చదవదు, ఏదీ అడగదు, చూపించినదల్లా నొక్కుతుంది. ఇలాంటివాళ్లు మనకు వెయ్యిమంది కావాలి!" నేను జాబితా తిరగేసి చూశాను. బటన్ నొక్కినవాళ్లలో పైన ఉన్నది చదివినవాడు కనిపించలేదు. పాపకూ వాళ్లకూ వయసులోనే తేడా.

మేస్త్రి ఆ ఉపన్యాసం పూర్తిగా విన్నాడు. లేచి, దుకాణం తాళంచెవి బల్ల మీద పెట్టి, "నువ్వు చూసుకో బాబూ, నా వల్ల కాదు" అన్నాడు. అల్లుడి ముందు ఆయన నోరు తెరుచుకోవడం అదే మొదటిసారి చూశాను. మర్నాటి నుంచి ఎదురు మేడ మెట్ల కింద స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎవరు పిలిస్తే వారి వెంట వెళ్లాడు. తాళం తీశాడు, కూలి తీసుకున్నాడు, వచ్చి కూర్చున్నాడు. పేరడగలేదు, ఫోన్ నంబరడగలేదు, ఈమెయిల్ ఊసే ఎత్తలేదు.

మేడవాసులు మూడు రోజులు ఓపిక పట్టారు. నాలుగో రోజు గుసగుసలు మొదలయ్యాయి. "నా వివరాలు ఒక్కటీ అడగలేదండీ. ఇదేం పద్ధతి?" అన్నాడొకాయన. "అడగలేదంటే మన సంగతులన్నీ ముందే తెలుసుకుని ఉండాలి" అని ఇంకొకాయన తేల్చాడు. వివరాలు తీసుకోకుండా పరాయివాళ్ల తలుపులు తెరిచే మనిషి దొంగ కాకపోతే మరేమిటని అందరూ ఏకగ్రీవంగా అంగీకరించారు. మేడ సంఘం సమావేశమైంది. ఆయనను మెట్ల కింద నుంచి పంపించేయాలని వినతిపత్రం తయారైంది. సంతకాలు సేకరించే సేవ మా దుకాణమే ఉచితంగా అందించింది. మొదటి గడిలో ఈమెయిల్ తప్పనిసరి.

కుట్టుపని అమ్మాయి సంతకం పెట్టనంది. ఆమెకు లోకజ్ఞానం తక్కువని సంఘం నమోదు చేసుకుంది. మిగతా ఇళ్లలో మనిషికొకటి చొప్పున అందరూ రాశారు, మొత్తం రెండు వందల పదమూడు చిరునామాలు. ఈసారి "నీకెందుకు" లేదు, "రేపురా" లేదు. స్పెల్లింగు తప్పుతుందేమోనని కొందరు స్వయంగా వచ్చి నా పక్కన నిలబడి సరిచూసుకున్నారు. ఉత్తరాలు పంపాను. అరగంటలో రెండు వందల పదమూడు పచ్చగుర్తులు పడ్డాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా తిరిగి రాలేదు. మాకు నాణ్యమైన జాబితా దొరికింది.

అందులో మొదటి అంతస్తు, నాలుగో గది చిరునామా నాది.