కొలతలు లేని పందెం

ఆ శనివారం పొద్దున స్టోర్‌కీపర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. తోపుడుబండి చక్రాలకు నూనె రాయాలి, సాయంత్రం నాలుగింటికి పందెం గెలవాలి. పంపుసెట్లు బాగుచేసే ఆ వర్క్‌షాపులో ఏటా జరిగే బండ్ల పందెంలో ఆయన పదకొండేళ్లుగా ఓడిపోతూనే ఉన్నారు. గెలిచేది పరాయివాడైతే అదో తీరు. సొంత బావమరిది, అక్కడే వెల్డరు. సోమవారం స్టోర్‌కీపర్ రిటైర్మెంటు. ఈసారి పోతే ఇక ఈ జన్మకు గెలుపు లేనట్టే.

తొమ్మిదింటికి మేనేజరు అందరినీ పిలిచారు. నిరుడు వర్క్‌షాపులో కొలతలు చూసే ఇన్‌స్పెక్టరు బండ్లన్నీ నిబంధనల ప్రకారం కొలవడానికి మూడు గంటలు పట్టింది, పందెం రెండు నిమిషాల్లో అయిపోయింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు.

"ఇవాళ నిబంధనల్లేవు, కొలతల్లేవు. ఎవరి బండికి ఏం పెట్టుకుంటారో మీ ఇష్టం. షెడ్డులోంచి గేటుకి ఎవరు ముందొస్తే వాళ్లదే కప్పు," అన్నారు.

ఇన్‌స్పెక్టరు చిన్నబోయి టేపు జేబులో పెట్టుకున్నారు.

పదింటికి వెల్డరు ఒక ఇంజను మోసుకెళ్తూ స్టోర్‌కీపర్ కంటపడ్డాడు. అది రిపేరుకు వచ్చిన ఇంజను. ఒక్క మాట అడిగితే తెలిసేది. కానీ బావమరిదిని అడగడమా! స్టోర్లో ఉన్న రెండు ఇంజన్లు తెచ్చి తన బండికి బిగించుకున్నారు. అది చూసి వెల్డరు మూడు బిగించాడు.

"ఏంటి బావా, బండా, విమానమా?"

"నీ పని నువ్వు చూసుకోరా. సాయంత్రం తెలుస్తుందిగా."

అంత బరువెత్తేసరికి వెల్డరుకు నడుం పట్టేసింది. క్యాంటీను నడిపేది స్టోర్‌కీపర్ భార్యే. తమ్ముడి అవస్థ చూడలేక ఒక పరుపు పంపింది. ఆ పరుపు షెడ్డులోకి పోవడం స్టోర్‌కీపర్ చూశారు. పడితే దెబ్బ తగలకుండా పరుపు తెచ్చుకున్నాడంటే, ఎంత వేగంతో పోబోతున్నాడో! వెంటనే పాతగుడ్డలు కుక్కిన గోనెసంచులు బండి చుట్టూ కట్టారు, రెండు తన నడుముకూ కట్టుకున్నారు.

"బావ నన్ను గుద్దేయడానికే చూస్తున్నాడు," అనుకున్నాడు వెల్డరు. తన బండి చుట్టూ ఇనుప కడ్డీలు అతికించాడు. కడ్డీలు చూసి ఈయన ఇంకో వరస సంచులు కట్టారు. మిగతా పోటీదారులు ప్రాణం తీపి కనుక తప్పుకున్నారు.

మూడింటికి ఇన్‌స్పెక్టరు ఉండబట్టలేక వచ్చారు. "సార్, షెడ్డు తలుపు తొమ్మిదడుగులే. ఆ రెండు బండ్లూ కలిపి..."

"మళ్లీ కొలతలా!" అని కసిరారు మేనేజరు.

నాలుగింటికి విజిల్ మోగింది. రెండు బండ్లూ భూమి అదిరేలా బయల్దేరి, తలుపు దగ్గర పక్కపక్కన ఇరుక్కుపోయాయి. సంచులకు కడ్డీలు గుచ్చుకున్నాయి. అయిదు ఇంజన్లూ అరుస్తున్నాయి, చక్రం మాత్రం అంగుళం కదలడం లేదు.

అప్పుడు స్టోర్‌కీపర్‌కు జ్ఞానోదయమైంది. బండితోనే రావాలని ఎవరన్నారు? ఇంజన్లు ఆపి, ముందునుంచి కిందికి దిగారు. నడుం పట్టేసిన వెల్డరు కూర్చున్నచోటే ఉండిపోయాడు.

"బావా, ఇది అన్యాయం!"

"నిబంధనల్లేవురా!"

పదకొండేళ్ల బరువు దిగిపోయినట్టుంది ఆయనకు. నడుముకు సంచులతో, మోకాళ్ల నొప్పితో, ఊగుతూ గేటువైపు నడిచారు. ఇంకో ముప్పై అడుగులు. సంతోషంతో కళ్లు చెమర్చాయి.

అంతలో షెడ్డు పక్కతలుపులోంచి టీబండి వచ్చింది. రోజూ నాలుగింటికి వాచ్‌మన్‌కు టీ ఇవ్వడం ఆయన భార్యకు అలవాటు. గలగలా ఆయన్ను దాటేసింది.

"ఆగవే! ఆగు!"

టీ ఆలస్యమైందని అరుస్తున్నారనుకుని ఆవిడ ఇంకా జోరు పెంచింది. "అబ్బ, ఉండండీ! వాచ్‌మన్‌కిచ్చేసి మీకే తెస్తా!"

గేటు దగ్గర మేనేజరు కప్పు ఆవిడ చేతిలో పెట్టారు. స్టోర్‌కీపర్ రెండడుగుల వెనక నిలబడిపోయారు.

"ఇదెందుకండీ నాకు?" అని ఆవిడ కప్పును అటూ ఇటూ తిప్పి చూసింది. "పర్లేదు, బాగా లోతుగానే ఉంది."

సోమవారం స్టోర్‌కీపర్ రిటైరయ్యారు, కప్పు పంచదార డబ్బాగా క్యాంటీన్లో డ్యూటీలో చేరింది.