లక్షకు తగ్గితే తెరవబడని అంగడి

విరుదునగర్ సభలో గౌరవనీయ మంత్రివర్యులు ఆన్‌లైన్ అంగడిని ప్రకటించిన ఉదయాన నేను మూడవ వరుసలో కూర్చున్నాను గనుక, ఆ చారిత్రక సంఖ్య ఎలా పుట్టిందో సాక్షిగా చెప్పగలను. ప్రసంగ ప్రతిలో ఉన్నది "పదివేల వస్తువులు". మంత్రివర్యులు ఉన్నది ఉన్నట్టే చదివారు. చప్పట్లు రెండవ వరుస దాటలేదు. వారు కళ్లజోడు తీసి, కాగితం మడిచి జేబులో పెట్టి, "లక్ష వస్తువులు! మన నల్లరేగడి నేలలో పుట్టే లక్ష వస్తువులు, ఒకే అంగడిలో!" అన్నారు. వెనుక వరుసల వారు లేచి నిలబడ్డారు. ప్రజాభిప్రాయాన్ని వేదిక మీదనే సేకరించి, వేదిక మీదనే అమలు జరిపిన నాయకుణ్ని నేను అంతకు ముందు చూడలేదు.

ఆ అంగడికి తగిన సాఫ్ట్‌వేర్ ఎంచడానికి కోవిల్‌పట్టిలో ఒక కమిటీ ఏర్పడింది. చైర్మన్ గోవిందరాజ్ గారు: కయత్తారు పక్కన నూట ఇరవై ఎకరాలు, వాటి మీద ఆరు గాలిమరలు, పార్టీలో ఇరవై రెండేళ్ల విశ్వాసం గలవారు. కార్యదర్శి శివరామన్ గారు ఫైలు తెరవనిదే తుమ్మని అధికారి. హెడ్ పోస్ట్‌మాస్టరుగా పదవీ విరమణ చేసిన నన్ను ప్రజల తరఫు సభ్యునిగా వేశారు. సమావేశాలు తమిళంలోనూ, మినిట్స్ ఇంగ్లీషులోనూ, అసలు నిర్ణయాలు చైర్మన్ గారి ఇంటి తెలుగులోనూ జరిగేవి.

నవంబరులో జరిగిన మొదటి సమావేశానికి మధురై నుంచి సరణ్య అనే సాఫ్ట్‌వేర్ నిపుణురాలు వచ్చింది. రాగానే ఆమె అడిగిన ప్రశ్నే మాకు కొంత మొరటుగా తోచింది.

"ఇప్పుడు మీ దగ్గర ఎన్ని వస్తువులు ఉన్నాయి సార్?"

శివరామన్ గారు ఫైలు విప్పారు. మిరపకాయలు, వేరుశనగ మిఠాయి, సాత్తూరు కారసేవు, చేనేత చీరలు, ఇంకా ఏవేవో. మొత్తం నాలుగు వందల పద్దెనిమిది.

"అయితే ఈ చిన్న సాఫ్ట్‌వేర్ చాలు సార్. ఐదు వందల వస్తువుల దాకా ఉచితం. సాయంత్రానికి అంగడి తెరిచేయవచ్చు."

పెళ్లిపందిట్లో ఎవరో గట్టిగా తుమ్మినట్టయింది.

"ఏమమ్మా," అన్నారు చైర్మన్ గారు, "మంత్రి లక్ష అన్నాడు. నువ్వు అయిదునూరంటే నేను ఆయన మొగం ఎట్ల చూసేది? పెద్దది లేదా నీ దగ్గర?"

"ఉంది సార్. లక్షకు పైబడిన కేటలాగు కోసమే చేసింది. దాని వెతుకులాట వేరు, వడపోత వేరు, సర్వర్లే వేరు. అందులో నాలుగు వందలు పెడితే, వెయ్యిమంది కల్యాణ మండపంలో ఒక్కరికి ఆకు వేసినట్టు ఉంటుంది."

"మండపం పట్టినాక ఆకులు అవే వస్తాయి. అదే ఉండనీ."

శివరామన్ గారికి ఒక్క సందేహం మిగిలింది. లక్ష వస్తువుల లైసెన్సు తీసుకొని నాలుగు వందలే పెడితే ఆడిట్ వారు ప్రశ్నించరా? కనుక తీర్మానం ఇలా రాశారు: "లక్ష వస్తువులు నమోదైన పిమ్మటనే అంగడి తెరవబడును, లక్షకు తగ్గితే తెరవబడదు." ఇంగ్లీషులో కామాలు నేను సరిచేశాను.

బయట వరండాలో కృష్ణమ్మాళ్ కూర్చుని ఉంది. అరుప్పుక్కోట్టైలో పద్నాలుగు మగ్గాల నేత సంఘానికి ఆమె అధ్యక్షురాలు. పేపరులో ప్రకటన చూసి, మూడు వందల పన్నెండు చీరలు మూటలు కట్టించి, బస్సులో వేసుకొని తెచ్చింది.

"పెద్దయ్యా, ఇవి నూలు కోకలు. ఒగదాని అంచు ఇంగొగదానికి రాదు. మార్చి లోపల ఇవి పోకుంటే మా సంగాన్ని మూసేస్తారంట. మగ్గాలు విప్పినారంటే మళ్లీ నిలబెట్టే దిక్కుండదు. కంప్యూటర్లో ఎక్కించమని సెప్పండి."

చెప్పాను. శివరామన్ గారు ఎంతో సానుభూతితో విన్నారు. "మీ చీరలు ముందుగా ఎక్కిస్తే, ఇంకా పుట్టని తొంభై తొమ్మిది వేల వస్తువులకు అన్యాయం జరుగుతుంది కదమ్మా. అన్నీ ఒకేసారి ఎక్కాలి. పరిశీలన నిమిత్తం చీరలు ఇక్కడ ఉంచి వెళ్లండి." రసీదు కూడా ఇచ్చారు. రసీదు ఇవ్వని అధికారులున్న దేశంలో ఇది చిన్న విషయం కాదు.

ఇక లక్ష ఎక్కడినుంచి వస్తుంది? రెండు నెలలు వెదికాము. మిరపకాయలను పొడవును బట్టి విభజించి చూశాము. పదకొండు రకాల దగ్గర ఆగిపోయాము. జనవరిలో ఒకనాడు చైర్మన్ గారు చుట్ట వెలిగించుకోబోతూ అగ్గిపెట్టెను వేళ్ల మధ్య తిప్పి చూశారు. ఆ క్షణాన నేను అక్కడ ఉండడం నా భాగ్యం.

"శివరామన్, ఇది నెమలి గుర్తు. నీ జేబులోది?"

"తాళంచెవి గుర్తు సార్."

"మన ఊళ్లో అగ్గిపెట్టెకు ఎన్ని గుర్తులుండాయి?"

అగ్గిపెట్టెల తయారీకే పేరుపడిన ఈ చుట్టుపక్కల నూరేళ్లుగా ముద్రించిన గుర్తులను ఎవరూ లెక్కపెట్టలేదు. ముద్రణశాలల అటకలు దులిపించారు. లేబుళ్లు సేకరించేవారి ఆల్బములు తెప్పించారు. ఏనుగు, రైలింజను, మూడు దానిమ్మలు, పడవలో దొరసాని. మొత్తం లక్షా నూట నాలుగు. క్రమశిక్షణ దృష్ట్యా నూట నాలుగింటిని తొలగించారు.

సరణ్య నెమ్మదిగా అడ్డు చెప్పింది. "సార్, లేబుల్ మారినంత మాత్రాన వస్తువు మారదు. వస్తువు ఒక్కటే, అగ్గిపెట్టె. మిగతావి దాని రకాలు."

"ఏమమ్మా, పెళ్లిపత్రికలో పేర్లు మారితే అది వేరే పెళ్లి కాదా?" అన్నారు చైర్మన్ గారు.

ఇంజనీరింగ్ కళాశాలల్లో ఈ కోణం బోధించరనుకుంటాను.

విధి నిర్వహణలో భాగంగా నేనూ ఒక ఆక్షేపణ తెలియజేశాను. ముప్పై ఆరేళ్ల తపాలా ఉద్యోగంలో నేను ఒక్క అగ్గిపెట్టెను కూడా పార్సిల్‌లో పోనివ్వలేదు. మండే వస్తువు, నిబంధన ఒప్పదు. కొరియర్ వారూ ఒప్పరు.

కమిటీ నాకు కృతజ్ఞతలు తెలుపుతూ తీర్మానించి, అరగంటలో పరిష్కారం కనుగొన్నది.

"మండేది పుల్లా, పెట్టా?" అన్నారు చైర్మన్ గారు.

"పుల్ల. అయితే అట్టపెట్టె కూడా నిప్పు తగిలితే మండుతుంది," అన్నాను.

"నిప్పు మనం పంపడం లేదు గదా సార్!" అన్నారు శివరామన్ గారు.

ఆ విధంగా కేటలాగులో లక్ష వస్తువులు చేరాయి. ప్రతి దాని కింద వివరణ ఒకటే: "అగ్గిపుల్లలు లేని అగ్గిపెట్టె." లేబుల్ అతికిన ఖాళీ పెట్టెలు బస్తాలలో వచ్చి కార్యాలయం నిండా పేరుకున్నాయి.

ఫోటోలు తీయడం మొదలైంది. తెల్లని బల్ల మీద చిన్న పెట్టె వెలవెలబోతోందనీ, వెనుక ఏదైనా రంగు ఉండాలనీ సరణ్య అన్నది. కార్యాలయంలో రంగున్నవి కృష్ణమ్మాళ్ మూటలే. చీరలు విప్పి గోడలకు వరుసగా వేలాడదీశారు. ఫైలులో వాటి పేరు "నేపథ్య వస్త్రము" అయింది. కబురు పంపితే ఆమె వచ్చి, తన చీరల ముందు కూర్చున్న ఖాళీ పెట్టెలను చూసింది.

"అంగట్లోకి ఎక్కించమంటే గోడకెక్కించినారా?"

"ప్రభుత్వ సేవలో ఉన్నాయమ్మా," అన్నారు శివరామన్ గారు.

"ఉండనీండి. కొంగుకు కట్టిన సంగం చీటీ మట్టుకు విప్పొద్దు. నంబరు తారుమారైపోద్ది."

ఆ చీటీ మీద కోక నంబరూ, సంఘం పేరూ, ఆమె సెల్ నంబరూ పెద్ద అక్షరాలతో ఉన్నాయి. సాదా కోరిక కనుక శివరామన్ గారు లిఖితపూర్వకంగా అంగీకరించారు. చీటీలు కనపడేలా ఆమే కొంగులన్నీ సర్దిపోయింది.

మార్చి మొదటి వారంలో ప్రారంభోత్సవం. పరీక్ష కోసం అంగడిని రెండు రోజుల ముందే తెరిచి ఉంచారు. కోవిల్‌పట్టి కల్యాణ మండపంలో లక్ష పెట్టెలతో మంత్రివర్యుల నిలువెత్తు బొమ్మ గల ముఖద్వారం కట్టారు. భద్రత నిమిత్తం పోలీసులు లోపలికి వచ్చినవారి అగ్గిపెట్టెలూ లైటర్లూ గేటు దగ్గరే తీసుకొని, గేటుకు తాళం వేశారు.

మంత్రివర్యులు వెలిగించవలసిన దీపపు కుందె ముందు నిలిచి, అగ్గిపెట్టె కోసం చేయి చాచారు. చైర్మన్ గారు ముఖద్వారం నుంచి ఒక పెట్టె తీసి తెరిచారు. ఖాళీ. రెండవది. ఖాళీ. మూడవది రైలింజను, అదీ అంతే.

"ఏమయ్యా, అగ్గిపెట్టెల ఊళ్లో అగ్గిపుల్ల లేదా?" అన్నారు మంత్రివర్యులు.

శివరామన్ గారు లాప్‌టాప్ వైపు నడిచారు. "వెతుకుతున్నాను సార్. లక్ష ఫలితాలు వచ్చాయి."

అప్పుడే నాలుగవ వరుసలో సెల్ మోగింది. కృష్ణమ్మాళ్ గొంతు ఎప్పుడూ మగ్గాల చప్పుడు మీదుగా మాట్లాడే గొంతు.

"ఆ... సెప్పుమా. దొరసాని పెట్టె వెనకాల ఉండే పచ్చ కోకే గదా? ఉండాది... పెట్టె కావద్దా? సరే, కోక మట్టుకే పంపుతా. అడ్రసు సెప్పు, పెద్దగా సెప్పు!"

మంత్రివర్యులు చేయి దించారు. "ఆమె ఏమంటోంది?"

"అమ్మకం సార్," అన్నారు చైర్మన్ గారు, చెమట తుడుచుకుంటూ. "మన అంగడిలోనే సార్. అప్పుడే మొదలైపోయింది!"

చప్పట్లు ఆఖరి వరుస దాకా వెళ్లాయి. మినిట్స్ నేనే రాశాను: "దీపము వెలిగినదిగా భావించడమైనది."

తరువాత రెండు వారాలు కృష్ణమ్మాళ్ రోజూ ఉదయపు బస్సులో వచ్చి, రసీదు చూపి, పదో ఇరవయ్యో నలభయ్యో నేపథ్య వస్త్రాలు గోడ నుంచి విప్పుకొని పోయింది. మార్చి ఇరవై ఒకటిన కార్యాలయపు గోడలు మళ్లీ తెల్లబడ్డాయి. లక్ష పెట్టెలూ ఎక్కడివక్కడే, ఏ లోటూ లేకుండా ఉన్నాయి.

ఏప్రిల్‌లో ఆమెకు కమిటీ నుంచి ఇంగ్లీషు లేఖ వచ్చింది. చదివి చెప్పమంటే అరుప్పుక్కోట్టై వెళ్లాను. పద్నాలుగు మగ్గాలూ ఆడుతున్నాయి.

"మొదటి పేరా," అన్నాను. "మీ సంఘం వద్ద సరుకు నిల్వ లేనందున, చీరలను కేటలాగులో చేర్చవలెనన్న మీ దరఖాస్తు తిరస్కరించబడినది."

"సరే. అంతేనా?"

"రెండవ పేరా ఉన్నది. మంత్రివర్యులు రెండు లక్షల వస్తువుల రెండవ దశను ప్రకటించి ఉన్నారు గనుక, ఫోటోల నిమిత్తం మూడు వందల పన్నెండు నేపథ్య వస్త్రములు అత్యవసరముగా పంపవలెను."

ఆమె నోటుపుస్తకం తిప్పి చూసింది.

"వరసలో నలబైమూడు మంది ముందుండారు. వాళ్లయినాక అని జవాబు రాసేయండి పెద్దయ్యా." తరువాత చేయి చాచింది. "ఆ కాగితం వెనకపక్క కాలీగానే ఉండాదా? ఇట్లీండి. సేలం పార్సిలుకు అడ్రసు రాయాల."

ఇచ్చాను. ప్రభుత్వ కాగితం దళసరిది. సిరా అటువైపుకు పాకలేదు.