వడగళ్లాపే పునీతుడు

ఆ బుధవారం పొద్దున లియోకాడియా పెట్టుకున్న పని ఒక్కటే: పక్కింటి రైతు సిరీలో కొడుక్కి పేరు వెతకడం. తెపాల్కో ఊళ్లో బిడ్డ ఏ రోజు పుడితే ఆ రోజు పునీతుడి పేరే పెడతారు. వెతికి చెప్పాల్సింది జ్ఞానతల్లి, అంటే ఈసారి తనే. ఆదివారం జ్ఞానస్నానంలో ఆ పేరు నిలిస్తే, ఆ ఇంటివాళ్లు ఆమెను బతికున్నంతకాలం 'కొమాద్రె', అంటే బిడ్డకు తోటితల్లి, అని పిలుస్తారు. పిల్లల్లేని లియోకాడియాను యాభై ఏళ్లలో ఎవరూ అలా పిలవలేదు.

పునీతుల పేర్లన్నీ రొట్టెల కొట్టువాళ్లిచ్చే క్యాలెండరులో ఉంటాయి. తీరా చూస్తే జూన్ కాగితం లేదు. పొయ్యి రాజేయడానికి తనే చింపుకుంది. ఇక దిక్కులేక ఫోనులోని చాట్‌బాట్‌ను అడిగింది.

"జూన్ తొమ్మిది పునీత బెలార్మోది," అంది ఫోను, తడుముకోకుండా. "ఆయన చెయ్యెత్తితే వడగళ్లు ఆకాశంలోనే ఆగిపోయేవి."

లియోకాడియా సిలువ గుర్తు వేసుకుంది. ఊళ్లో ఎవరికీ తెలియని సంగతి తన అరచేతిలోంచి వచ్చింది.

"నిజమేనా తల్లీ?"

"నూటికి నూరుపాళ్లు."

సిరీలో గోడ మీదుగా విని టోపీ తీసేశాడు. "పోయినేడు నా మొక్కజొన్నంతా వడగళ్లపాలైంది అక్కా. ఈయన ఇన్నాళ్లూ ఎక్కడున్నాడు?"

"మనం అడిగితే కదా!"

మధ్యాహ్నానికి ఊరంతా ఆమె గుమ్మంలోనే ఉంది. విగ్రహాలు చెక్కే ఆన్సెల్మో, ఆయన ఎలా ఉంటాడని అడిగాడు. పొట్టి గడ్డం, ఎత్తిన కుడిచెయ్యి అని జవాబొచ్చింది. ఆడవాళ్లు ఏం తింటాడని అడిగారు. నల్ల మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఉడికించే తమాలేలట. ఎన్ని అడిగినా విసుక్కోని ఆ ఓర్పుకు అందరూ ముక్కున వేలేసుకున్నారు.

శనివారానికి ఆన్సెల్మో చెక్కిన బెలార్మో నలుగురి భుజాల మీద, బాజాలతో గుడి దగ్గరికి బయల్దేరాడు. ముందు లియోకాడియా నడిచింది.

గుడి గురువు పాద్రే ఉబాల్దో తలుపు దగ్గరే ఆపేశాడు. "ఎవరమ్మా ఈయన?"

చెప్పింది. ఆయన పునీతుల పేర్లున్న లావుపాటి పుస్తకం తెచ్చి, వేలు పెట్టి వెతికి, మూసేశాడు. "ఇందులో లేడు. ఏదీ, మళ్లీ అడుగు నీ ఫోన్ని."

అడిగింది.

"క్షమించండి, పొరబడ్డాను. అలాంటి పునీతుడు లేడు," అంది ఫోను, అంతే నిబ్బరంగా.

బాజాలు ఆగిపోయాయి. లియోకాడియా సిరీలో వైపు చూడలేకపోయింది. దొంగపేరు తెచ్చినదాన్ని కొమాద్రె అని ఎవరు పిలుస్తారు?

"యంత్రం చెప్పిందల్లా నమ్మేస్తారా? కాస్త పుస్తకం చూసుకోవద్దూ?" అని పాద్రే అందుకున్నాడు.

కొవ్వొత్తులమ్మే ముసలి తిబూర్సియా అడ్డొచ్చింది. "ఒక్కమాట ఫాదర్‌గారూ. పోయిన ఆదివారం గంటసేపు చెప్పారే, మేకను భుజానేసుకుని వరద దాటిన బిషప్పు కథ. ఆయన ఇందులో ఏ పేజీలో ఉన్నాడు?"

పాద్రే చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి తనకు తెలియకుండానే అంగీ జేబులోని ఫోనును తడిమింది. ఊరంతా ఆ జేబునే చూసింది.

"పేరైతే మంచిదే," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "రేపు పిల్లాణ్ణి తీసుకురండి."

సిరీలో గుంపులో ఉన్న భార్య దగ్గర్నుంచి బిడ్డను తెచ్చి లియోకాడియా చేతుల్లో పెట్టాడు. "పదండి కొమాద్రె, తమాలేలు చల్లారిపోతున్నాయి."

మర్నాడు పాద్రే ప్రసంగం రెండు నిమిషాల్లో ముగిసింది. తెపాల్కోవాళ్లు దాన్ని పునీత బెలార్మో చేసిన మొదటి అద్భుతంగా లెక్కవేసుకున్నారు.