ఎనభై అయిదు డిగ్రీల గుడ్లు

ఆ ఉదయం ఒంటితీగ పెట్టుకున్న పని ఒక్కటే. పదిన్నరకల్లా హేచరీ నుంచి బయటపడి, కారులో ఇంటికి వెళ్లి, భార్యను డ్రైవింగ్ పరీక్షకు తీసుకెళ్లాలి. పరీక్షకు బండి మనమే తీసుకెళ్లాలని నియమం. అప్పటికి ఆవిడ రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ దారి పొడవునా సలహాలు చెప్పి ఆవిడ చేతులు వణికేలా చేసింది తనే కాబట్టి, ఈసారి వెనక సీట్లో నోరు మూసుకుని కూర్చుంటానని మాట కూడా ఇచ్చాడు.

ఒంటితీగ అనేది అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. హేచరీలో గుడ్లు పొదిగే గదులు అయిదు. వాటిలో అరవై థర్మామీటర్లు, ఒక్కొక్కటీ వేలి గోరంత నల్ల ముక్క. ఆ అరవైని అతను ఒకే ఒక్క తీగకు కట్టాడు. వాటికి కరెంటు ఇచ్చేదీ ఆ తీగే, కబుర్లు మోసుకొచ్చేదీ ఆ తీగే. ప్రతి గది గుమ్మం పక్కన ఒక చిన్న డబ్బా, అందులో రెండు దారులున్న ఒక స్విచ్ ఉంటాయి. ఆ దారుల్లో అతను వాడేది ఒక్కటే. ఆఫీసులోని కంప్యూటరు ‘తెరువు’ అంటే ఆ గదిలోకి చీలిన తీగ కొమ్మ పెద్ద తీగకు కలుస్తుంది, ‘మూయి’ అంటే విడిపోతుంది. తీగలో పారేది బొటాబొటీ కరెంటు కనుక ఒకసారికి ఒక కొమ్మనే తెరవాలి. ఈ సంగతి రెండేళ్లుగా కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు. అందుకే ఆ పేరు స్థిరపడిపోయింది.

తీగ వేసిన రోజునే, గదుల్లో వేలాడుతున్న పాత గాజు థర్మామీటర్లన్నీ ఊడబీకి స్టోరు గదిలో పడేశాడు. “నా తీగకి సాక్షులు అక్కర్లేదు” అన్నాడు.

ఎనిమిదింటికి వచ్చి, రోజువారీ పనులు ముగించుకుని, పది కావస్తుండగా ఇంట్లో రాసుకొచ్చిన కొత్త ప్రోగ్రాం కంప్యూటరులో ఎక్కించాడు. పాతది అయిదు గదులూ చుట్టి రావడానికి నాలుగు నిమిషాలు పట్టేది. కొత్తది అనవసరమైన మాటలన్నీ తీసేసి ఆ పని రెండున్నర నిమిషాల్లో ముగిస్తుంది. మొదటి గది ముప్పై ఏడున్నర, రెండో గది ముప్పై ఏడున్నర అని తెర మీద పడగానే సంతృప్తిగా తల ఊపి, కాఫీ తెచ్చుకోవడానికి లేచాడు.

కాఫీ కప్పుతో తిరిగి వచ్చేసరికి అతని కుర్చీలో మేనేజరు కూర్చుని ఉన్నాడు. ఆయన మేజోళ్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చి మూడు నెలలే అయింది. గుడ్ల గురించి ఆయనకు తెలిసినదల్లా అవి పగులుతాయని.

“ఏమండీ, మూడో గదిలో గుడ్లు ఉడికిపోతున్నాయి!”

“ఉడకవండీ.”

“ఎనభై అయిదు డిగ్రీలని మీ తెరే చెబుతోంది కదా!”

“అది వేడి కాదండీ. థర్మామీటరుకి కరెంటు చాలక పడిపోయి లేచిందనుకోండి, ఇంకా ఏమీ కొలవకముందే ఎనభై అయిదని చెప్పేస్తుంది. నిద్రలో పిలిస్తే కళ్లు తెరవకుండానే ‘ఆఁ’ అంటామే, అలాగన్నమాట.”

“అంటే మీ తీగ అబద్ధం చెబుతోందా?”

ఒంటితీగకు ఒళ్లు మండింది. “నా తీగ అబద్ధం చెప్పదు!”

“అయితే గుడ్లు ఉడికాయి.”

“ఉడకలేదు!”

“అయితే తీగ అబద్ధం చెప్పింది.”

“చెప్పలేదంటున్నానా!”

“ఏదో ఒకటి తేల్చండి మహానుభావా. ఓనరుగారికి నేను ఏదో ఒకటి చెప్పాలి కదా!”

అంతలో నాలుగో గది కూడా ఎనభై అయిదుకు ఎక్కింది. తర్వాత అయిదోది. తీగ రెండో చుట్టు మొదలుపెట్టగానే మొదటి గదీ రెండో గదీ కూడా వాటి సరసన చేరాయి. మేనేజరు ముఖం పాలిపోయింది. “పాకుతోంది! గది నుంచి గదికి పాకుతోంది!” అంటూ మూడో గది వైపు పరుగు తీశాడు.

ఆ గదిలో గుడ్లు పెట్టి ఆనాటికి ఇరవై రోజులు. తెల్లవారితే పన్నెండు వేల పిల్లలు బయటికి రావాలి. అలాంటప్పుడు గదిలో తేమ ఎక్కువగా ఉంచుతారు. మేనేజరు తలుపు తీయగానే వెచ్చటి గాలి ముఖానికి కొట్టి, ఆయన కళ్లద్దాలు రెండూ తెల్లగా మసకబారాయి.

“ఆవిరి! గదంతా ఆవిరి!” అని అరిచి, ఆ గుడ్డితనంతోనే గోడ తడుముకుంటూ వెళ్లి అయిదు గదుల హీటర్లూ కట్టేశాడు. తలుపులన్నీ బార్లా తీయించాడు. జేబులోంచి ఫోను తీసి అగ్నిమాపక కేంద్రానికి కబురు పెట్టాడు.

ఈ సమయంలో ఒంటితీగ గుడ్ల గురించి ఆలోచించలేదు. తన తీగను ఎవరో పాడు చేశారన్న నిశ్చయానికి వచ్చేసి, ఆ ఎవరో ఎవరా అని బయల్దేరాడు. మొదట వరండా తుడిచే ఆవిడ దొరికింది.

“నీ తుడుపు కర్ర తీగకి తగిలిందా లేదా?”

“రెండేళ్ల నుంచి దాని కిందే తుడుస్తున్నాను సార్. ఇవాళే తగలాలా?”

“తగిలిందని ఒప్పుకో, అయిపోతుంది!”

“నేనొప్పుకుంటే మీ తీగ బాగైపోతుందా?” అని ఆవిడ బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత వంతు వాచ్‌మన్‌ది. రెండో గది డబ్బాకు అతను చొక్కా తగిలిస్తాడని ఆరోపణ. “నా చొక్కా ఒంటి మీదే ఉందండీ” అని అతను చూపించినా, నిన్నటి చొక్కా సంగతి చెప్పమని నిలదీశాడు. అక్కడితో ఆగకుండా వచ్చి కూర్చుని మేనేజరు పేర ఒక ఉత్తరం రాశాడు. ‘ఈ దారుణానికి బాధ్యులు ఎవరైనా సరే, ఎంతటి వారైనా సరే, సిబ్బంది అందరి ముందూ తప్పు ఒప్పుకుని, రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఏ మాత్రం దయ చూపరాదు.’ మేనేజరు కళ్లద్దాలు తుడుచుకుంటూనే దాని మీద సంతకం చేశాడు.

నిలదీసినందుకు వాచ్‌మన్‌కు కోపంగానే ఉంది. ఆ కోపం చల్లార్చుకోవడానికి గేటు అవతల బడ్డీ కొట్టు అతనితో, “లోపల పన్నెండు వేల గుడ్లు ఉడికిపోయాయంట, నన్నంటారేంటి!” అన్నాడు. ఆ మాటలో కొట్టతనికి వినిపించింది మొదటి సగమే. ఇరవై నిమిషాల్లో గేటు ముందు సంచులూ గిన్నెలూ పట్టుకుని నలభై మంది వరసలో నిలబడ్డారు. కొందరు ఉప్పు పొట్లాలు కూడా తెచ్చుకున్నారు.

ఆ వరసను చీల్చుకుంటూ, గంట మోగించుకుంటూ ఎర్ర బండి వచ్చింది. గొట్టం భుజాన వేసుకుని దిగిన అధికారి, “మంటెక్కడ?” అన్నాడు.

“మంట లేదండీ, వేడి ఉంది” అన్నాడు మేనేజరు.

“వేడి కూడా లేదు! ఉన్నది నా తీగ మీద కుట్ర!” అన్నాడు ఒంటితీగ.

“కుట్రకి మేం రామండీ. దానికి వేరే ఆఫీసుంది” అని అధికారి గొట్టం కిందికి దించాడు.

అప్పుడొచ్చింది గుడ్లక్క. పొదుగుడు గదులకు పెద్ద దిక్కు ఆవిడే. పొద్దున్నుంచీ వెనక షెడ్డులో ట్రేలు కడిగిస్తూ, నీళ్ల చప్పుడులో ఏమీ వినలేదు. బార్లా తీసిన తలుపులు చూడగానే కేక పెట్టింది. “తలుపులు తీసిందెవరు? హీటర్లు కట్టేసిందెవరు? పిల్లలు చచ్చిపోతాయి!”

“ఉడికిపోయాయి కదమ్మా ఇంక” అన్నాడు మేనేజరు దీనంగా.

గుడ్లక్క ఆయన్ని పక్కకు తోసి, ఏప్రన్ జేబులోంచి ఒక గాజు థర్మామీటరు తీసి గదిలోకి చాపింది. “ముప్పై నాలుగు. ఇంకో గంట ఇలాగే ఉంటే మీరన్నది నిజమయ్యేది, ఉడికి కాదు, చలికి.” తలుపులు మూయించింది, హీటర్లు వేయించింది.

ఒంటితీగ చూపు మాత్రం ఆ థర్మామీటరు మీదే ఆగిపోయింది. “అక్కా! రెండేళ్ల నుంచీ అది జేబులో పెట్టుకునే తిరుగుతున్నావా?”

“రోజూ చూసుకుంటాను తమ్ముడూ. నువ్వు బాధపడతావని చెప్పలేదు.”

“ఇంతకన్నా అవమానం ఉంటుందా!”

గుడ్లక్క ట్రేలోంచి ఒక గుడ్డు తీసి మేనేజరు చెవి దగ్గర పెట్టింది. లోపలి నుంచి సన్నగా కిచకిచమని వినిపించింది. అగ్నిమాపక అధికారి కూడా వంగి విని, “బతికే ఉంది” అని మెల్లగా అన్నాడు. వరండాలో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు.

గేటు దగ్గర వరసలో మాత్రం ఈ వార్త ఎవరికీ నచ్చలేదు. “ఉడికాయన్నారు, గంటసేపు నిలబెట్టారు, ఇప్పుడు ఉడకలేదంటే ఎలా?” అని ముందు నిలబడ్డ పెద్దావిడ వాచ్‌మన్‌ను కడిగేస్తోంది. ఆవిడను దాటుకుని ఒక టాక్సీ లోపలికొచ్చి ఆగింది. దిగింది ఒంటితీగ భార్య.

“మీ ఫోనుకేమైంది?”

అతను గడియారం చూసుకున్నాడు. పన్నెండు దాటింది.

“నా పేరు మూడుసార్లు పిలిచారట. రానివాళ్ల జాబితాలో రాసుకున్నారు. ఇంక వచ్చే నెలే” అందావిడ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి కొంత ధైర్యంగా ఉండేది.

“నా తప్పేం లేదు. నా తీగనెవరో...”

“ఏమైంది తీగకి?”

అతను ఆవేశంగా ఏకరువు పెట్టాడు. మొదటి గది బాగుందని, రెండోదీ బాగుందని, మూడో గది నుంచి ఒక్కొక్కటే పడిపోయాయని, రెండో చుట్టులో అన్నీ పోయాయని, ఇది బయటివాళ్ల పనేనని. ఆవిడ శ్రద్ధగా విన్నది. రెండేళ్లుగా భోజనం దగ్గర ఆవిడ విన్నది ఈ కథే.

“ఒక గది తెరిచే ముందు అంతకు ముందు గది మూశారా?”

“మూయక్కర్లేదు. ఆ మాటలే తీసేశాను. అందుకేగా ఒకటిన్నర నిమిషం మిగిలింది! డబ్బాలో రెండు దారులుంటాయి. ఒకటి తెరిస్తే రెండోది దానంతటదే మూసుకుంటుంది. నీకు చెప్పాను కదా.”

“చెప్పారు. ఒకే డబ్బాలో ఉన్న రెండు దారులకి అని చెప్పారు. ఈ గది డబ్బా తెరిస్తే ఆ గది డబ్బాకి ఎలా తెలుస్తుందండీ?”

ఒక్కొక్క గదే తెరుచుకుంటూ పోయి, ఏదీ మూయక, అరవై థర్మామీటర్లనూ ఒకేసారి ఆ పిడికెడు కరెంటు మీదికి వదిలింది ఎవరో ఒంటితీగకు క్రమంగా కళ్లకు కట్టింది. వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుని, తీసేసిన ‘మూయి’ అన్న మాటను అయిదు చోట్లా తిరిగి పెట్టాడు. తీగ అయిదు గదులూ చుట్టి రావడానికి మళ్లీ నాలుగు నిమిషాలు పట్టింది. ముప్పై ఆరూ తొమ్మిది. ముప్పై ఏడు. ముప్పై ఆరూ ఎనిమిది. అంకెలు బుద్ధిగా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

మేనేజరు గొంతు సవరించుకుని బల్ల మీది ఉత్తరం తీశాడు. “‘ఎవరైనా సరే, ఎంతటి వారైనా సరే’ అని మీరే రాశారు. ‘ఏ మాత్రం దయ చూపరాదు’ అనీ మీరే రాశారు. నేను సంతకం కూడా చేశాను.”

సిబ్బంది అంతా వరండాలో చేరారు. తుడిచే ఆవిడ అందరికన్నా ముందు, కర్ర నిలువుగా పట్టుకుని నిలబడింది. ఒంటితీగ నేల చూపులు చూస్తూ తప్పు ఒప్పుకున్నాడు. “వినపడలేదు సార్” అందావిడ. మళ్లీ చెప్పాడు. చొక్కా విషయం వేరుగా చెప్పాలని వాచ్‌మన్ పట్టుబడితే, అదీ చెప్పాడు.

మర్నాడు మూడో గదిలో పదకొండు వేల పైచిలుకు పిల్లలు, కొంచెం ఆలస్యంగానే అయినా, గోలగోలగా బయటికొచ్చాయి. రాతపూర్వకమైన సంజాయిషీ సాయంత్రానికి మేనేజరు బల్ల మీదికి చేరింది. మొత్తం నాలుగు పేజీలు. అందులో మూడున్నర పేజీలు ఆ డబ్బాలు తయారుచేసిన వాళ్ల మీద ఫిర్యాదే.